వేంగి రాజు కొలువులో నీచు కంపు

"ఛీ ఛీ! ఏం కంపురా ఇది!"

స్కూలు వార్షికోత్సవంలో వేంగి మహారాజు నాటకానికి ఇంకా తెర లేవనే లేదు, తెలుగు మాస్టారు ముక్కు మూసుకున్నారు.

ఏలూరు నుంచి అద్దెకు తెచ్చిన పట్టుబట్టలన్నీ నీచు కంపు కొడుతున్నాయి. సేనాపతికి డోకొచ్చింది. రాజగురువు గడ్డం పీకి అవతల పారేశాడు.

మాస్టారు కిరీటం దులిపితే పురుగుపట్టిన ఉప్పుచేప ఒకటి జారి ఆయన కాలి మీదే పడింది.

"యాక్! ఎవడ్రా ఈ వెధవ పని చేసింది?"

"నేనేనండీ," అన్నాడు రాజు వేషంలో ఉన్న సుకుమార్. "నిన్ననే బట్టల పెట్టెలో పెట్టానండీ."

"ఎందుకురా?"

"చేపల చెరువు కంపొస్తున్నాడని మొన్న దుర్గాసాయికి మంత్రి వేషం తీసేశారు కదండీ. ఇప్పుడు అందరం అదే కంపండీ. వాణ్ణి పిలుచుకురానాండీ?"