పెద్దకొడుకు వాటా

1962 మే 27, ఆదివారం. రోహిణి ఎండకు రోళ్లు పగులుతున్నాయి. ముసలి ఎద్దు మైలోడు, జోడెద్దు కర్రోడితో కలిసి పొద్దున్నంతా పొలానికి పెంట తోలి, ఇప్పుడు కొట్టం కప్పడానికి తాటాకుల బండి లాగుతున్నాడు.

“మెల్లిగా నడవరా, చచ్చిపోతావు!” అన్నాడు కర్రోడు.

“రైతు నన్ను పెద్దకొడుకంటాడ్రా. రేపు ఈ కొట్టంలో నాకు వాటా ఉండదూ?”

ఆ మాట రైతులందరూ అంటారు; ఎద్దులే నమ్ముతాయి.

“నన్ను బంగారుకొండా అంటాడు. వెళ్లి కంసాలికి చూపించుకోనా?”

మైలోడు వినలేదు. ఆఖరి బండి వాకిట్లోకి చేర్చి, కాడి దించకముందే కూలిపోయాడు.

తర్వాత పంపకాలయ్యాయి. మెడలో గంట కోడెదూడకు వచ్చింది. తోలు రైతుకు చెప్పులైంది. కొత్త కప్పు కిందికి కొత్త ఎడ్లజత చేరింది. జత విరిగిందని సంతకు తోలిన కర్రోడికి ఏమీ రాలేదు.