సుల్తానో ఎవరి కుక్క?

నాకు అక్షరాలొచ్చింది మా ఆయన పోయాకే. ఒత్తులు తప్పితే మన్నించండి. నిదానంగా రాశాను, మీరూ నిదానంగానే చదవండి.

గొర్రెలన్నీ లారీ ఎక్కాయి. వాటి కాపరి దొనాతో, కూతురి దగ్గరికి పెస్కారా పట్నం వెళ్ళిపోయాడు. కూతురి ఇల్లు మూడో అంతస్తులో. అతని దూడంత తెల్లకుక్క సుల్తానోకి అక్కడ చోటెక్కడిది? కొండ మీది ఊళ్ళో మిగిలింది నలుగురు ముసలమ్మలూ, సుల్తానో.

కొన్నాళ్ళు అది ఖాళీ దొడ్డి ముందే పడుకుంది. తర్వాత చర్చి మెట్ల దగ్గరికి వచ్చింది. అక్కడ నలుగురూ ఎండలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుచుకుంటుంటే, వాళ్ళకి వీపు పెట్టి అడవివైపు చూస్తూ కూర్చునేది.

"మర్యాద లేని వెధవ. వీపు చూపిస్తుంది," అంది ఎర్సీలియా.

"నీ మొహం చూడలేకే," అంది పాల్మీరా.

పాల్మీరా ఒకచోట నిలిచే మనిషి కాదు. ఆకుకూర కోసమని, పుట్టగొడుగుల కోసమని ఊరికే లేచి వెళ్తుంది. వెనకాలే సుల్తానో.

"జేబులో ఏం పెట్టుకున్నావే? మాంసం ముక్కా?"

"ప్రేమే, ఎర్సీలియా. నీ దగ్గర లేనిది."

ఒకరోజు కుక్కల బండి వచ్చింది. పశువుల డాక్టరమ్మ దిగింది.

"ఎవరి మాటా వినని ఇంత కుక్కని ఊళ్ళో వదలకూడదు మామ్మా. ఎవరిదో తేలితే సరే. లేకపోతే తీసుకెళ్ళిపోతాను."

నలుగురూ పిలిచారు. ఎర్సీలియా జున్ను చూపించింది. సుల్తానో చెవి కూడా కదపలేదు.

"రా నాన్నా," అంది పాల్మీరా. రాలేదు.

దాన్ని బోనులోకి తోయడం చూడలేక, కళ్ళు తుడుచుకుంటూ ఆమె ఒంటరిగా అడవిదారి పట్టింది. సుల్తానో లేచి ఒళ్ళు దులుపుకుని ఆమె వెనకాల నడిచింది.

డాక్టరమ్మ నవ్వేసింది. "మీదే మామ్మా, అనుమానం లేదు."

ఆ చలికాలమంతా పాల్మీరా గొప్పలు భరించలేక మిగతా ముగ్గురికీ తలనొప్పి పట్టుకుంది.

మరుసటి ఏడు చెస్ట్‌నట్ కాయలు ఏరుకోవడానికి దొనాతో ఊరికి వచ్చాడు. సుల్తానో వాసన చూసి, పలకరింపుగా తోక ఒక్కసారి ఊపి, తన చోటికి పోయి కూర్చుంది.

"చూశావా బావా? నువ్వు వదిలేసిపోయావు. అది నన్ను ఎంచుకుంది. నలుగురిలోనూ నన్నే!"

"పిలిస్తే వస్తుందా?"

"రాదు."

"ఇంట్లోకి?"

"గడప తొక్కదు. బయటే, మంచులో."

"మీరంతా కలిసి కూర్చుంటే?"

"మా వైపే చూడదు. నేనొక్కదాన్నీ లేచి వెళ్తేనే వెంటబడుతుంది. అంత ప్రేమ!"

దొనాతో టోపీ తీసి, నవ్వు దాచుకోవడానికి దాన్ని మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"గొర్రె పాలు తాగి మందలో పెరిగిన కుక్క, మరదలా, యజమాని అంటే దానికేం తెలుసు, మందలోంచి ఎప్పుడూ తప్పిపోయే గొర్రె ఏదో తెలుసు గానీ!"

— అదలీనా, ఎనభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది సుల్మోనాలో.