మగ్గాలకు సుట్టి

సిద్ధరాములు మూడోసారి ఇంజను స్టార్ట్ చేసి, మెరుస్తున్న బానెట్‌నే మళ్లీ తుడిచాడు. టాపు మడిచే పాత బ్రిటిష్ కారు అది. మరమగ్గాల షెడ్డు మూలన పెట్టుకుని ఏడేళ్లు బాగుచేశాడు. ఇవాళ నీలం నగర్‌లో మగ్గాలన్నిటికీ సుట్టి, సెలవు. సందులో చప్పుడే లేదు.

కారు కొనడానికి పుణే నుంచి వచ్చిన తేజస్ బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగాడు. "కాకా, ఆ టకటక ఏంది?"

"ఏ టకటక? పట్టు లెక్క నడుస్తది."

"లేదు కాకా, మంచిగనే ఇనబడుతున్నది."

సిద్ధరాములు చెవి ఆనించాడు. ఏమీ లేదు. అటువైపు వెళ్లి మళ్లీ ఆనించాడు.

"ధర తగ్గించనీకి బహానాలు జెప్పకు."

గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న భార్య ద్రౌపది తలెత్తింది. "ఉన్నది. దివాళీ కాడి నుంచి ఉన్నది. నేను జెప్తె మగ్గాల సప్పుడన్నవు."

"ఇయ్యాల మగ్గాలు బందే గద..." అంటూ సిద్ధరాములు మధ్యలోనే ఆగిపోయాడు. పొద్దుటి నుంచి మగ్గాలు ఆగే ఉన్నాయి. అతని చెవుల్లో మోత మాత్రం ఆగలేదు.

మగ్గం మీద వేసినట్టే ఇంజను మీద అరచెయ్యి వేశాడు. వేడికి చురుక్కుమన్నా తియ్యలేదు. చేతికి తెలిసింది, టకటక.

"ఎనిమిది రోజులాగు తేజస్. గిట్ల ఇయ్యను."

ఏడేళ్లుగా ద్రౌపది చెయ్యి కూడా తగలనివ్వని కారు పక్కకు స్టూలు జరిపాడు.

"చాట పక్కకు పెట్టి రా" అన్నాడు. "నువ్వు ఇను. నేను ఇంజను ఇప్పుత."