భూదవ్వ జబ్బు

ఎల్లారెడ్డిలో బస్సు కదలబోతుండగా భూదవ్వ ఎక్కి దేవయ్య పక్కన కూర్చుంది.

దేవయ్య లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు.

ఆమెకు హెచ్‌ఐవీ ఉందని ఊరందరికీ తెలుసు. ఆమే చెప్పుకుంది. ఆనాటి నుంచి కార్ఖానా వాళ్లు ఆమె చుట్టిన బీడీలు ముట్టలేదు. పొగ తాగి చచ్చేవాళ్లకు కూడా ఆమె చేతులంటే భయమే మరి.

దేవయ్యకూ అదే జబ్బు. బొంబాయి దగ్గరి భివండికి పనికి పోయి తెచ్చుకున్నాడు. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. భూదవ్వ పక్కన కూర్చుంటే బయటపడుతుందని బెదురు.

భార్య పోరు పడలేక వచ్చిన కామారెడ్డి ఆసుపత్రిలో, మందుల వరుసలో మాత్రం ఆమె దొరకబుచ్చుకుంది.

"గట్ల వడలిపోయినవేంది కొడుకా? గోలీలు మింగుతలేవా?"

"బంద్ చేసి మూడు నెలలాయె. రక్తంల పురుగు కనిపిస్తలేదని కాయితం ఇచ్చిండ్రు. లేనిదానికి గోలీలెందుకు అవ్వా?"

"కనిపిస్తలేదన్నరు గని, పోయిందన్నరా? ఒక్క గోలీల మూడు మందులుంటయి. మూడు దిక్కుల అడ్డం నిలవడితే అది జడిసి ఒంట్లనే దాక్కుంటది. నువ్వు ఆపుతే మళ్ల లేస్తది."

"నువ్వేమన్న డాక్టరమ్మవా?"

"పన్నెండేండ్ల సంది చూస్తున్న. ఒక్క పొద్దు తప్పలే."

"నీకేంది, ఊరంతా డప్పు కొట్టుకున్నవ్. మాకు ఇజ్జత్ ఉంది."

భూదవ్వ పకపకా నవ్వింది.

"బతికుంటే గద బిడ్డా ఇజ్జత్! ఎనిమిదింటికి ఫోన్ల అలారం పెట్టుకో, పో."

ఆ రోజు ఇచ్చిన రక్తానికి, పదిహేను రోజులకు పరీక్ష కాగితం వచ్చింది.

మందులు మొదలుపెట్టిన నాడు వైరస్ లెక్క రెండు లక్షలు. ఆరు నెలలకు వందల్లోకి దిగింది. ఏడాదికి కనబడకుండా పోయింది. మూడు నెలలు మానేసరికి తొంభై వేలు.

ఆ పొద్దు ఎనిమిదింటికి దేవయ్య గోలీ మింగాడు.

నాట్లు వేసిన రోజూ మింగాడు. పెళ్లి పందిట్లో, చాటుకు పోయి మింగాడు. తమ్ముడు చనిపోయిన రోజు, ముద్ద దిగకపోయినా గోలీ దిగింది. తల తిరిగినా మానలేదు.

ఆరు నెలలకు మళ్లీ రక్తం ఇచ్చాడు.

"మళ్లీ కనిపిస్తలేదు," అంది నర్సు, కాగితం చేతికిస్తూ. "ఈసారన్న ఆపకు."

"సచ్చేదాంక ఆప, సిస్టర్."

ఆ కాగితం భూదవ్వకు చూపించాలని వరుసంతా వెతికాడు. ఆమె లేదు. ఆమె కోడలు వినోద, మందుల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది.

"మీ అత్త ఏది చెల్లె?"

"పోయిన నెల గుండె ఆగి పోయింది అన్నా."

దేవయ్య చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి... ఆమె గోలీలు వాపస్ ఇయ్యనీకి వచ్చినవా?"

వినోద తల అడ్డంగా ఊపింది. పైటతో కళ్లు తుడుచుకుంది. వరుసంతా వింటున్నా గొంతు తగ్గించలేదు.

"నా గోలీలు తీస్కపోనీకొచ్చిన అన్నా, ఊరు నన్ను ఎల్లగొడ్తదని జబ్బు తనకే ఉందని చెప్పుకున్నది గని, అత్తమ్మకు ఏ జబ్బూ లేకుండె."