పదహారా, పదిహేడా

సంచిలో అన్నిటికన్నా ముందు మోకాళ్ల మందు పెట్టింది పెద్దావిడ. తర్వాత దుప్పటి, ఫ్లాస్కు, టార్చిలైటు. పైన మూడు చొక్కాలు. రంగు ఒకటే, సైజులు మూడు.

"మూడెందుకే?" గుమ్మంలోంచి అడిగాడు పెద్దాయన.

"వాడిప్పుడు చిక్కిపోయాడో, ఒళ్లు చేశాడో నాకేం తెలుసు? ఏదో ఒకటి పట్టకపోదు."

వాడంటే ఆమె తమ్ముడు. చూసి ఏళ్లయింది. ఈసారి ఎలాగైనా వెళ్లి వెంటబెట్టుకు రావాలని భార్యాభర్తలిద్దరూ తీర్మానించుకున్నారు. ఆమెకి డెబ్భై మూడు దాటాయి. కళ్లు మూసేలోగా వాణ్ని ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాలి. ఇంకేం అక్కర్లేదు.

పెరట్లో రేకుల షెడ్డు కింద పికప్ ట్రక్కు ఉంది. పాత చక్రాలు ఎప్పుడో ఊడబీకారు. ఇరుసుల కింద ఇటుకలు పేర్చి నిలబెట్టారు. ఆ పొద్దున టైర్ల షాపతను తన వ్యాన్‌లో రెండు రకాల చక్రాలు, రకానికి నాలుగు చొప్పున, వేసుకుని వచ్చాడు.

"బండి మా షాపుకే తెచ్చుంటే ఈ మోతబరువు తప్పేది కదా పెద్దమ్మా!"

"చక్రాల్లేని బండిని నెత్తిన పెట్టుకు రమ్మంటావా నాయనా?"

నిజమే కదా అనుకుని అతను చక్రాలు దింపాడు. "ఇది పదహారు అంగుళాల రిమ్ము. చుట్టూ రబ్బరు ఎక్కువ. రాళ్ల దారికి మంచిది. ఇది పదిహేడు. రబ్బరు తక్కువ. తారురోడ్డు మీద నీళ్లలో చేపలా పోతుంది. టైరు బిగించాక రెండూ ఒకటే ఎత్తు. ఇంతకీ మీ ప్రయాణం ఎటు?"

అడక్కూడని మాట అడిగాడు.

"కొండల్లోకి," అన్నాడు పెద్దాయన. "మా బావమరిది క్వారీలో రాళ్లు కొడుతున్నాడని చూసినవాళ్లే చెప్పారు. పదహారు వెయ్యి."

"ఎవరు చూశారు? మీ చీట్లపేక స్నేహితుడేగా? కళ్లజోడు తీస్తే ఆయన పెళ్లాన్నే పోల్చుకోలేడు!" పెద్దావిడ కొంగు దోపింది. "నా తమ్ముడు రేవు పట్నంలో సొంత షాపు పెట్టుకున్నాడు. దారి పొడుగునా తారురోడ్డే. నువ్వు పదిహేడు వెయ్యి నాయనా."

"షాపట! షాపు పెడితే మొదటి రోజే తాళంచెవి పారేసుకుంటాడు మీవాడు."

"మీ వైపువాళ్లు పారేసుకోవడానికి తాళమైనా ఉందా?"

టైర్ల షాపతను ఇద్దరి మధ్యా జాకీ పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని టైరు పక్కన కూర్చుంది. బడికి వెళ్లని మనిషి. పొట్లాం కాగితాల మీద, మందు సీసాల మీద కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. టైరు మీది అంకెలన్నీ వేలు పెట్టి చదివింది. చివర్న పదహారు దగ్గర వేలు ఆగిపోయింది. ఇది వేయిస్తే తమ్ముడు ఎండలో రాళ్లు కొడుతున్నాడని తన చేత్తో తనే రాసిచ్చినట్టు. ఆమె లేచి పదిహేడు టైరు మీద ఎక్కి కూర్చుంది. ఇక దిగలేదు.

"ఎందుకొచ్చిన గొడవ, బస్సులో వెళ్లిపోండి," అన్నాడు షాపతను.

"బస్సులో వెళ్తే ఇన్ని టీనీళ్లు పోసి పంపేస్తాడు. ఈ బండిని కళ్లారా చూశాడనుకో, మొహం చెల్లక చచ్చినట్టు వస్తాడు." ఈ ఒక్క మాటా మొగుడూ పెళ్లాలు కలిసి అన్నారు.

గంట గడిచింది. అతనికి ఓపిక నశించింది. "అయితే ముందు పదహారు, వెనక పదిహేడు వేసేద్దామా?"

"వెయ్యి!" అన్నారిద్దరూ.

"అయ్యో, నేను తమాషాకన్నాను!"

"నేను తమాషాకి అనలేదు," అన్నాడు పెద్దాయన. "వాడు కొండల్లో ఉంటే ముందుకి నడుపుతా. పట్నంలో ఉంటే రివర్సులో పోతా."

షాపతను దండం పెట్టి పనిలోకి దిగాడు. వెనక చక్రాలు బిగించి, ముందుకి వచ్చి ఒక చక్రం తగిలించి చూసి గడ్డం గోక్కున్నాడు. "ఇదేంటి బాబాయ్, బండి ముక్కు ఇలా పైకి లేచి ఉంది? మడ్‌గార్డు కింద చెయ్యి మొత్తం పడుతోంది. స్ప్రింగులేమైనా మార్చారా?"

"లేదు. ఈ మధ్య దానికి తలపొగరెక్కింది."

ముందు చక్రాలు కూడా బిగించాడు. "ఒకసారి స్టార్టు చేసి స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పండి. టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూస్తా."

"స్టార్టెందుకు? పక్కింట్లో పసిపిల్ల ఇప్పుడే నిద్రపోయింది." పెద్దాయన క్యాబిన్‌లోకి ఎక్కి చేత్తోనే తిప్పాడు. చెమటలు కక్కాడు. టైరు ఎక్కడా తగల్లేదు.

"ఇలాంటి బండిని పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు," అంటూ షాపతను మిగిలిన నాలుగు చక్రాలు వ్యాన్‌లో వేసుకుని వెళ్లిపోయాడు.

పెద్దావిడ తలుపుకి తాళం వేసింది. లాగి చూసింది. మళ్లీ వచ్చి లాగి చూసింది. సంచి ఒళ్లో పెట్టుకుని మొగుడి పక్క సీట్లో కూర్చుంది. ఆయన స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరూ అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడని చాలాసేపు చూశారు.

"మబ్బు పడుతోందండీ," అంది ఆమె.

"అవును. కొత్త టైర్లు, తడి రోడ్డు. జారుతుంది. రేపు పొద్దున్నే బయల్దేరదాం."

"అలాగే. చొక్కాలు నలిగాయి, మళ్లీ ఇస్త్రీ చేస్తాను."

తొమ్మిదేళ్ల కిందట, జూన్ నెల మొదటి సోమవారం పొద్దున, రిపేరు చేయించి సాయంత్రానికల్లా తెచ్చేస్తానని ఆ ట్రక్కు ఇంజను విప్పి పట్టుకెళ్లిన తమ్ముడు మళ్లీ తిరిగి రాలేదు.