నిద్రలో పిలిచిన పేరు

"చేపల కొట్టుకి ఫ్రిజ్ కొన్నానా నేను? చేప ముట్టుకుంటేనే చేతులు దురదలే నాకు!"

ఒబ్దూలియా తన క్రెడిట్ రిపోర్టు కాగితాన్ని బల్లమీద పెట్టి, ఎక్కడికి ఎగిరిపోతుందోనని అరచేత్తో అదిమింది. ఎగరడానికి గాలేదీ? మే నెల మధ్యాహ్నం ఈ నది ఒడ్డు ఊరు త్లకోతల్పాన్‌లో ఆకు కదలదు. నది కూడా గట్టుకి చేరగిలబడి కునుకు తీస్తుంది. వీధి పొడుగునా ఇళ్ల రంగులు ఎండకి కరిగి నీళ్లలోకి జారిపోతున్నట్టుంటాయి.

కంప్యూటర్ కొట్టు నడిపే ఇరాసెమా కళ్లజోడు పైకి తోసుకుంది. "అరవకు పిన్నీ, వీధంతా పడుకునుంది. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఊరికే ఇస్తారు కదా, ఎప్పుడైనా తీసి చూసుకున్నావా?"

"అప్పే చెయ్యనిదాన్ని, చూసుకోడానికేముంటుందే అందులో?"

"ఇదిగో, ఇదుంది."

ఉన్నది ఇంతే. ఒబ్దూలియా సమూదియో అనే ఆవిడ మూడేళ్ల కిందట వాయిదాల మీద పెద్ద ఫ్రిజ్ కొని, సగంలో కట్టడం మానేసింది. అందుకని పొదుపు సంఘం వాళ్లు ఒబ్దూలియాకి రొట్టెల పొయ్యి కోసం అప్పు ఇచ్చేది లేదు పొమ్మన్నారు. శనివారంలోగా డబ్బు చూపించకపోతే ఆ పొయ్యి ఇంకొకళ్లకి పోతుంది. పోతే పోయింది, అదొక బాధ. "నీ పేరు బాగాలేదమ్మా" అన్నాడే ఆ గుమస్తా, ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతులో దిగబడింది.

ఎందుకంటే ఒబ్దూలియాకి ఉన్న ఆస్తల్లా ఆ పేరే. వాళ్ల నాన్న ఫిదెన్సియో ఊగుడు కుర్చీలు చేసి, పడవకెత్తుకుని నది దిగువకి పోయి అమ్ముకొచ్చేవాడు. మెలకువగా ఉన్నంతసేపూ మూగమనిషే. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వాలి కళ్లు మూశాడంటే మాత్రం ఎక్కడినుంచో మాటలొచ్చేవి. "ఒబ్దూలియా... గాలిలో నిలబడకు తల్లీ, లోపలికి రా..." అనేవాడు, గొంతులో తేనె పోసినట్టు. ఆకు కదలని ఇంట్లో ఆయన కలలో మాత్రం గాలి వీచేది. చిన్నారి ఒబ్దూలియా కుర్చీ పక్కన చల్లటి గచ్చు మీద పడుకుని, "ఇక్కడే ఉన్నా నాన్నా" అని గుసగుసగా బదులు చెప్పేది. అన్న సిల్వేరియోని గానీ, అక్క ప్రాక్సెదిస్‌ని గానీ ఆయన ఒక్కనాడూ అలా పిలిచి ఎరగడు. "నాన్న కలలన్నీ నువ్వే తినేశావు" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. రొట్టెల కొట్టు తెరిస్తే గుమ్మం మీద ఆ పేరే రాయించాలని ఆమె కోరిక.

"ఆగాగు," అంది ఇరాసెమా, కాగితం మీద వేలు పెట్టి. "నువ్వు పుట్టిందెప్పుడు?"

"మే ఇరవై రెండు. పునీత రీటా పండగ రోజు."

"ఇందులో సెప్టెంబరు ఐదని ఉందే! నీకన్నా రెండేళ్లు పెద్దది. తండ్రి ఇంటిపేరు ఇద్దరిదీ సమూదియోనే. ఆ వెనక రెండోదిగా వచ్చే తల్లి ఇంటిపేరు చూడు. నీది ఉస్కాంగ, ఆవిడది మల్పీకా. ఊరు అల్వరాదో, నది సముద్రంలో కలిసే చోటు. వేరే మనిషి పిన్నీ! రెండో ఇంటిపేరు చూడకుండా ఎవడో మీ ఇద్దర్నీ ఒకే కాగితంలో కుట్టేశాడు."

"అయ్యో, కుట్టేవాడికి కళ్లుండొద్దూ!"

ఇరాసెమా గోడ మీది క్యాలెండర్ తిప్పి పకపకా నవ్వింది. "సెప్టెంబరు ఐదు పునీత ఒబ్దూలియా రోజే. ఆవిడకి పేరు సరిగ్గానే పెట్టారు. మరి నువ్వు రీటావి కావాలి కదా?"

"కావాల్సిందే. మా అన్నకీ అక్కకీ పుట్టినరోజు పునీతుల పేర్లే. నాకు మాత్రం ఇదే కావాలని మా అమ్మ పట్టుబట్టింది. బాప్తిస్మం నాడు ఫాదర్‌గారితో పోట్లాట కూడా వేసుకుందట, మా ఆయనకి ఇష్టమైన పేరూ అని."

ఇరాసెమా తప్పు దిద్దమని అర్జీ రాసి, గుర్తింపు కార్డు నకలు పెట్టి పంపించింది. గుమస్తాకి ఫోన్ చేస్తే, "తల్లి ఇంటిపేరు వేరైతే ఇంకేం, శనివారం పొద్దున్నే రమ్మనండి" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కాసిల్దా నాన్న కుర్చీలోనే కూర్చుని, మెల్లగా ఊగుతూ చిక్కుళ్లు వలుస్తోంది.

"అమ్మా, నాన్న పిలిచిన పేరుకి మచ్చ పోయింది!" ఒబ్దూలియా గచ్చు మీద చతికిలబడి, నవ్వుకుంటూ అంతా చెప్పింది. "అల్వరాదోలో ఇంకో ఒబ్దూలియా సమూదియో ఉందట, నువ్వు నమ్ముతావా?"

కుర్చీ ఊగడం ఆగింది.

"అల్వరాదోనా?" అంది కాసిల్దా. "గాలి ఊరది. మనిషిని నిలబడనివ్వదు." ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "నీకన్నా పెద్దదా?" అంది.

"రెండేళ్లు. తల్లి ఇంటిపేరు మల్పీకా. నీకు తెలుసా ఏమిటి వాళ్లు?"

"ఆ ఇంటిపేరు ఇవాళే విన్నా." ముసలమ్మ వేళ్ల మధ్య చిక్కుడు గింజ ఒకటి అటూ ఇటూ దొర్లింది. "ఈ ఇంటి గోడలు ఎంత పల్చనో! మీ నానమ్మా, మేనత్తలూ ఆ గోడ అవతలే పడుకునేవాళ్లు."

"ఇప్పుడదెందుకే అమ్మా? నాన్న నన్ను పిలుస్తుంటే వాళ్లకీ వినపడేది, అంతేగా?"

కాసిల్దా కూతురి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు జుట్టు నిమిరింది.

"ఆ పేరు వినపడేదమ్మా, నువ్వు పుట్టకముందు నుంచీ."