లండన్‌లో అడగని ప్రశ్నలు

"మీ అమ్మోళ్లది యా ఊరమ్మా?"

"రామసముద్రం సార్," అంది ఉషారాణి విసుగు కనబడనీయకుండా.

కుప్పంలో గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసు అది. కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మొదలై అరగంటయింది. ఇంతవరకూ ఆమె ఇంటిపేరు అడిగారు, వాళ్ల నాన్నకు ఎంతమంది అన్నదమ్ములో అడిగారు, చెల్లెలు ఏం చదువుతోందో అడిగారు. ఆమె ఒళ్లో ఉన్న సర్టిఫికెట్ల ఫైలు వంక మాత్రం ఒక్కరూ చూడలేదు. మన దగ్గర అంతే. ఉద్యోగమిచ్చేవాడికి మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ కావాలి, చేసే పని ఒక్కటే అక్కర్లేదు.

బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మేనేజర్ ఆదెప్ప. ఆయన పక్కన పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ, కంపెనీలో భాగస్తురాలట. ఇంకో పక్క టై కట్టుకున్న యువకుడు, పేరు ప్రవీణ్, లండన్ నుంచి వచ్చాడట. అతను ఇంతవరకూ నోరు విప్పలేదు.

"పెండ్లి ఎప్పుడు చేసుకోవాలనుకుంటాండావు?" అడిగాడు ఆదెప్ప.

ఉషారాణికి ఒళ్లు మండింది. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లూ ఇదే అడిగి, పెళ్లయితే మానేస్తావులే అని పంపేశారు. పుంగనూరులో పాలకేంద్రం వాళ్లు ఎవరి తాలూకు అని అడిగారు. ఎవరి తాలూకూ కాదనేసరికి కూర్చోమని కూడా అనలేదు. మిగిలింది ఈ ఉద్యోగమే. ఇదీ పోతే ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకే కోపాన్ని దిగమింగింది.

"ఉద్యోగం వచ్చినాకనే ఆ మాట సార్. అంతదాకా ఎవురి ముందరా కూర్చోనని మా నాయనకు చెప్పేసినా."

ఆదెప్పకు దగ్గొచ్చింది. పెద్దావిడ ముందుకు వంగింది.

"వంట వస్తాదా?"

"వంటెందుకు మేడమ్?"

"ఈడ మెస్సు లేదు కదమ్మా. రూములో వండుకోవల్ల కదా."

సరేనని దానికీ తలూపింది ఉషారాణి.

"నీకు కోపమెక్కువా?" అంది పెద్దావిడ ఆమెనే పరకాయించి చూస్తూ.

"ఇంతసేపూ లేదు మేడమ్. ఇప్పుడు వస్తాండాది."

ఇంక ఆగలేకపోయింది. ఫైలు బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"నేను డిగ్రీ చదివినా, ట్యాలీ నేర్చుకున్నా, టైపు హయ్యర్ పాసయినా. దాని గురించి ఒక్క ముక్కయినా అడగరే? రాళ్లమ్మే కంపెనీకి మా అమ్మ పుట్టిన ఊరితో ఏం పని? మా చెల్లెలి చదువుతో ఏం పని?" అని, ప్రవీణ్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్, లండన్‌లో ఉండారు కదా. ఆడ ఇంటర్వ్యూకి పోయిన ఆడపిల్లను ఇవన్నీ అడుగుతారా?"

ప్రవీణ్ టై సర్దుకున్నాడు. "అడగరు."

"పెండ్లెప్పుడని?"

"అస్సలు అడగరు. అడిగితే కోర్టుకు పోతారు. అప్లికేషన్‌కు ఫోటో కూడా పెట్టరు."

"ఈడ నిలువెత్తు ఫోటో కావాలన్నారు! స్టూడియోకి పోయి తీయించుకొచ్చినా."

ఆదెప్ప జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పెద్దావిడ ఫ్యాను వంక చూసింది.

"ఆడ ఇంకొక పద్ధతి ఉండాది," అన్నాడు ప్రవీణ్ మెల్లగా. "చివర్లో, వచ్చినవాళ్లు కూడా మమ్మల్ని ప్రశ్నలు అడగొచ్చు. మీరేమన్నా అడుగుతారా?"

"ఒకటే అడుగుతా. ఇంత తెలిసినోళ్లు, అరగంట నుంచీ మీరు యాల గమ్మునుండారు?"

ప్రవీణ్ తల దించుకున్నాడు. ఉషారాణి ఫైలు తీసుకుని బయటికి వచ్చేసింది.

బయట వేపచెట్టు కింద వాళ్ల నాన్న రెడ్డెప్ప కాచుకుని ఉన్నాడు. మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆమె కోపం చల్లారలేదు. పలమనేరు దాటేదాకా తిడుతూనే ఉంది. ఆదెప్పను తిట్టింది, పట్టుచీరావిడను తిట్టింది, ఈ దేశంలో ఉద్యోగాలిచ్చే వాళ్లందరినీ కలిపి తిట్టింది. రెడ్డెప్ప "అట్లనా, అట్లనా" అంటూ వింటూ కూర్చున్నాడు. ఆ కాస్త కోపం ఆయనకు రానందుకు కూడా ఆమెకు కోపం వచ్చింది.

పుంగనూరులో బస్సు ఆగగానే ఆయన లేచాడు. "ఒక ఫోను చేసొస్తానుండమ్మా," అని ఎస్టీడీ బూత్‌లోకి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

"కుప్పానికే చేసినా. నువ్వు సెలెక్టయినావమ్మా!"

ఉషారాణి నమ్మలేకపోయింది. "నిజంగానా నాయనా? అన్ని మాటలన్నాక కూడానా?"

"ఆ లండన్ ఆయప్పే పట్టుబట్టినాడంట. అంత ధైర్యంగా అడిగే పిల్లే కావల్లని."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూశావా, పద్ధతి తెలిసినవాళ్లు ఎట్లా ఉంటారో! తిట్టినా సరే, మనిషిలో సరుకు చూశాడు. మనవాళ్లకు ఎప్పుడొస్తుందో ఈ బుద్ధి. ఆ మహానుభావుణ్ణి అనవసరంగా ఒక మాట అన్నానే అని నొచ్చుకుంది కూడా. ఒళ్లోని ఫైలును రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

"ఎప్పుడు చేరమన్నారు నాయనా?"

రెడ్డెప్ప కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"శ్రావణమాసంలోనమ్మా," అన్నాడు మెల్లగా. "పెండ్లికొడుకు లీవు అయిపోయే లోపల."